నిశ్చితార్థపు ఉంగరానికి వేడి చేయని సిలోన్ నీలం: గని గురించి, పరీక్షల గురించి తెలిసినవారు చెప్పగలరా?

కృష్ణాతీరం (ప్రశ్న)

మా అమ్మాయి నిశ్చితార్థం మాఘమాసంలో పెట్టుకున్నాము. ఉంగరంలో వజ్రం వద్దు, నీలమణే కావాలని తను ముందే చెప్పేసింది. నీలం అనగానే మా అత్తగారికి శని గుర్తుకు వస్తాడు; రాయిని కొన్ని రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకుని, పడుతుందో లేదో చూసుకున్నాకే కొనాలన్నది ఆవిడ షరతు. ఆ సంగతి మేము ఇంట్లో తేల్చుకుంటాము గనుక, దయచేసి జాతకాల చర్చ ఇక్కడ వద్దు.

విజయవాడలో రెండు దుకాణాలలో రాళ్లు చూశాము. మొదటిచోట రెండు క్యారెట్లకు కాస్త పైబడిన ముదురు నీలాన్ని చూపించి, నూటికి నూరుపాళ్లు సహజమైన రాయి అని చెప్పి, ప్లాస్టిక్ తొడుగు వేసిన చిన్న కార్డు ఒకటి చేతికిచ్చారు. రెండవచోట దాదాపు అంతే బరువుండి, రంగు కొంచెం తేలికగా ఉన్న రాయిని ‘అన్‌హీటెడ్ సిలోన్’ (శ్రీలంక నుంచి వచ్చిన, వేడి చేయని రాయి) అని చెప్పి, సుమారు మూడు రెట్లు ధర చెప్పారు. మొదటి వర్తకుణ్ణి వేడి సంగతి అడిగితే, అన్ని నీలాలనూ వేడి చేస్తారని, అది పాలిష్ పెట్టడం వంటిదేనని కొట్టిపారేశారు. రెండవ వర్తకుడేమో వేడి చేసిన రాయి అసలు నీలమే కాదన్నారు.

వేడి చేయడమంటే రాయికి నిజంగా ఏం జరుగుతుంది, చేయలేదని ఎవరు నిర్ధారిస్తారు, అంత ధర తేడా న్యాయమేనా అన్నవి నా ప్రశ్నలు. మా అమ్మాయి ప్రశ్న మరొకటి ఉంది: ఈ రాళ్లను ఎవరు, ఎలా తవ్వి తీస్తారు, అందులో తవ్వేవారికి దక్కేదెంత, నేలకు జరిగే నష్టమెంత అని. అది తెలియకుండా వేలికి పెట్టుకోనని కూర్చుంది.

మట్టిపొరలు (జవాబు)

నేను భూగర్భశాస్త్రం పనిలో ఉండి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, వర్తకుణ్ణి కాను. మీకు ఆ ఇద్దరూ చెప్పిన మాటలలో ఏదీ పూర్తిగా సరికాదు.

నీలం, కెంపు, కనకపుష్యరాగం మూడూ ఒకే ఖనిజం. దాని పేరు కురువిందం. రసాయనికంగా అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధమైన కురువిందానికి రంగే ఉండదు. అందులో కొద్దిగా క్రోమియం చేరితే కెంపవుతుంది. ఇనుము, టైటానియం రెండూ కలిసి చేరితే నీలమవుతుంది. ఇనుము నుంచి పక్కనే ఉన్న టైటానియానికి ఎలక్ట్రాను మారేటప్పుడు రాయి పసుపు నుంచి ఎరుపు దాకా ఉన్న కాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి నీలం మిగులుతుంది. అయితే ఆ టైటానియం స్ఫటికంలో కరిగి ఉంటేనే ఈ పని జరుగుతుంది. భూమి లోపల రాయి నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు చాలాసార్లు టైటానియం విడిపోయి, రూటైల్ అనే ఖనిజపు సన్నని సూదులుగా గడ్డకడుతుంది. వర్తకులు ‘సిల్క్’ అనేది ఈ సూదుల అల్లికనే. అది మరీ దట్టంగా ఉంటే రాయి పాలు కలిపినట్లు మసకగా, రంగు లేకుండా కనిపిస్తుంది. శ్రీలంకలో అటువంటి రాళ్లను ‘గ్యూడ’ అంటారు. ఒకప్పుడు వాటిని కానీకి కూడా ఎవరూ అడిగేవారు కాదు. 1970లలో థాయ్ వర్తకులు వాటిని చవకగా కొనుక్కుపోయి, కొలిమిలో 1500 డిగ్రీల సెల్సియస్ పైన గంటల తరబడి కాల్చితే సూదులు కరిగి, టైటానియం తిరిగి స్ఫటికంలో కలిసి, రాయి నీలంగానూ తేటగానూ మారుతుందని కనిపెట్టారు. ఆ తరువాత ప్రపంచంలో నీలాల వ్యాపారమే మారిపోయింది.

కాబట్టి వేడి చేసిన నీలం కూడా భూమిలోంచి వచ్చిన సహజమైన రాయే. రెండవ వర్తకుడు చెప్పింది తప్పు. అయితే మొదటి వర్తకుడు ‘సహజం’ అన్నప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు, పక్క ప్రశ్నకు చెప్పారు. అన్ని నీలాలనూ వేడి చేస్తారన్నదీ సరికాదు. బజారులోకి వచ్చే వాటిలో అధికభాగం కొలిమి చూసినవే గానీ, నేలలోంచే మంచి రంగుతో, తగినంత తేటగా వచ్చే రాళ్లు కొన్ని ఉంటాయి, వాటిని అలాగే సానబడతారు. మీరు వెతుకుతున్నది ఆ కొన్నింటిలో ఒకదాన్ని.

మామూలు వేడిని, ఇతర ప్రక్రియలను ఒకే గాటన కట్టకూడదు. రాయి ఉపరితలంలోకి బయటి నుంచి టైటానియాన్ని చొప్పించి రంగు పుట్టించే పద్ధతి ఒకటుంది. ఆ రంగు పలుచని పొర మాత్రమే కావడంతో మళ్లీ సానపడితే తుడిచిపెట్టుకుపోతుంది. 2001, 2002 ప్రాంతంలో బెరీలియం చొప్పించిన నారింజ, పసుపు రాళ్లు పెద్ద ఎత్తున బజారులోకి వచ్చి, కొంతకాలం పరీక్షాకేంద్రాలనే తికమక పెట్టాయి. బెరీలియం చాలా తేలికైన మూలకం గనుక రాయి గుండె దాకా పోగలదు, దాన్ని పట్టుకోవడానికి లేజరుతో పనిచేసే ఖరీదైన పరికరాలు కావాలి. కనకపుష్యరాగం కొనేవారికి ఇది తప్పక తెలియాలి. పగుళ్లలో సీసపు గాజు నింపిన రాళ్లు ఇంకా నాసిరకం. నిమ్మరసం తగిలినా వాటిలోని గాజు దెబ్బతింటుంది. ఇక ఫ్రాన్సుకు చెందిన వెర్న్యూయ్ 1902లో ప్రకటించిన మంట పద్ధతిలో కర్మాగారంలో పెంచిన కురువిందం వేరే కథ. అది ఖనిజంగా కురువిందమే, సహజం మాత్రం కాదు.

ఎవరైనా మీకు ‘కాశ్మీర్ నీలం’ అని చూపిస్తే మర్యాదగా లేచి వచ్చేయండి. కిష్త్వార్ జిల్లా పాడర్ లోయలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న సూమ్‌జామ్ దగ్గర 1881 ప్రాంతంలో కొండచరియ విరిగిపడి ఆ రాళ్లు బయటపడ్డాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కప్పి ఉండే ఆ చోట మేలురకం రాళ్లు 1887 నాటికే దాదాపు అయిపోయాయి. ఇప్పుడు చేతులు మారుతున్నవి చాలావరకు పాత నగలలోవే. 2015లో హాంకాంగ్ వేలంలో 27.68 క్యారెట్ల కాశ్మీర్ రాయి సుమారు 67 లక్షల డాలర్లకు పోయింది. అటువంటిది మన ఊరి గల్లాపెట్టె సొరుగులో ఉండదు.

కొలంబో ప్రవాసి (జవాబు)

మీ అమ్మాయి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఉద్యోగరీత్యా కొలంబోలో ఉంటున్నాను. ఆగ్నేయంగా వంద కిలోమీటర్ల దూరంలో, రత్నాల గనులున్న రత్నపురకు మా ఇంటికి వచ్చే బంధువులందరినీ తీసుకువెళ్లడం ఒక ఆనవాయితీ అయింది.

గని అనగానే కొండను తొలిచే యంత్రాలు ఊహించుకుని వచ్చినవారు అక్కడ నిరాశపడతారు. వరిపొలం గట్టు పక్కన నాలుగు గుంజల మీద తాటాకు పందిరో రేకుల కప్పో, దాని కింద నిలువునా దిగిన చదరపు గుంత, పక్కన ఎడతెగకుండా నీళ్లు తోడుతున్న పంపు: అదే గని. తవ్వడానికి ముందు పొడవాటి ఇనుప చువ్వను నేలలో దింపి చూస్తారు. చువ్వ మొన గులకరాళ్ల పొరను తాకినప్పుడు పుట్టే గరగర చప్పుడును, చేతికి తెలిసే అదురును బట్టి అనుభవజ్ఞులు లోతును అంచనా కడతారు. ఆ గులకరాళ్ల పొరను సింహళంలో ‘ఇల్లం’ అంటారు. యుగాల కిందట కొండలలోని రాళ్లు శిథిలమై, వాటిలోని గట్టి స్ఫటికాలు వాగులలో కొట్టుకువచ్చి, వాగుల అడుగున మట్టితో, ఇసుకతో కలిసి పేరుకున్న పొర అది. ఒకచోట జానెడు మందం, మరొకచోట నాలుగైదు అడుగులు. కొన్ని గుంతలలో పది పదిహేను అడుగులకే తగులుతుంది, కొన్నింటిలో వంద అడుగులు దిగాలి.

గుంత కూలిపోకుండా దుంగలతో చట్రాలు కట్టి ఒకదాని కింద ఒకటి దింపుకుంటూ పోతారు. దుంగలకూ మట్టిగోడకూ మధ్య అడవిలో దొరికే ఫెర్న్ ఆకును కట్టలు కట్టలుగా కుక్కుతారు. నేను లోపలికి తొంగి చూసినప్పుడు ఆ ఆకుల కొసల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి, మట్టి మాత్రం ఒక్క పెళ్ల కూడా జారడం లేదు. నీటిని వదిలి మట్టిని ఆపడమే ఆ ఆకు పని అని అక్కడి మేస్త్రీ చెప్పాడు. ఇల్లం పొర తగిలాక, గుంత అడుగు నుంచి అడ్డంగా సొరంగాలు తవ్వి, వంగి కూర్చుని, మోకాలి లోతు నీళ్లలో ఆ గులకను గోతాలకెత్తి గిలక మీద పైకి పంపుతారు.

పైకి వచ్చిన ఇల్లాన్ని వెంటనే కడగరు. కుప్పగా పోసి ఉంచి, అనుకున్న రోజున వాటాదారులందరూ చేరాక, నడుము లోతు నీటిగుంటలో దిగి, వెడల్పాటి వెదురు బుట్టలలో గుండ్రంగా తిప్పుతూ కడుగుతారు. నీలం సాంద్రత నీటికి నాలుగు రెట్లు, మామూలు స్ఫటికపు రాయిది రెండున్నర రెట్ల కంటె కాస్త ఎక్కువ. తిప్పే కొద్దీ తేలిక రాళ్లు అంచు దాటి పోతాయి, బరువైనవి బుట్ట నడుమ చేరుతాయి. చివరికి ఒక పెద్దమనిషి బుట్టను ఎండకు వాల్చి, వేళ్లతో తడిగులకను పలుచగా పరుస్తూ ఏరుతాడు. గోమేధికం, వైడూర్యం, స్పినెల్, జిర్కాన్ అన్నీ ఒకే బుట్టలో రావచ్చు. చాలా బుట్టలలో ఏదీ రాదు. పాదరసం గానీ ఆమ్లాలు గానీ ఈ పనిలో ఎక్కడా వాడరు. రాళ్లను వేరు చేసేది నీరూ బరువూ మాత్రమే.

డబ్బు సంగతి. గనిలో దిగేవారికి తిండి, కొద్దిపాటి దినబత్తెం ఇస్తారు. అసలు ఆదాయం వాటాలో ఉంటుంది. నేల యజమాని, లైసెన్సుదారు, పంపు పెట్టినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, పనివారు అందరూ అమ్మకం సొమ్మును ముందు ఒప్పుకున్న ప్రకారం పంచుకుంటారు. నెలల తరబడి ఏమీ దొరకకపోతే పనివాడికి మిగిలేది ఆ తిండే. మన కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలలో తొలకరి పడగానే వజ్రం దొరుకుతుందని పిల్లాజెల్లాతో వచ్చి వెతికే జనం ఆశ ఎటువంటిదో, ఆ గుంతలలోని ఆశ అటువంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఏడాది పొడుగునా అదే వృత్తి.

నేల సంగతి ఒక్క మాటలో తేలదు. 1971లో శ్రీలంక ప్రభుత్వం రత్నాల సంస్థను పెట్టింది. 1993 చట్టంతో వచ్చిన జాతీయ రత్నాభరణ ప్రాధికార సంస్థ ఇప్పుడు లైసెన్సులు ఇస్తోంది. గుంతను తిరిగి పూడ్చుతామన్న హామీగా లైసెన్సుదారు కొంత సొమ్ము జమ చేయాలి. పెద్ద యంత్రాల వాడకంపై ఆంక్షలున్నాయి. సక్రమంగా పూడ్చిన చోట మళ్లీ వరి వేయడం నేను చూశాను. లైసెన్సు లేకుండా తవ్వి వదిలేసిన గుంతలలో మురుగునీరు నిలిచి దోమలు పెరగడమూ చూశాను. నదీగర్భాన్ని తోడేచోట గట్లు కోసుకుపోతాయి. లోపల గాలి చాలక, గోడ కూలి మనుషులు పోవడం కూడా ఆ ప్రాంతానికి కొత్త కాదు. కాబట్టి ‘చేతితో తవ్వినది’ అన్న ముద్ర చూసి అంతా సవ్యంగానే జరిగిందనుకోవడానికి లేదు. అయితే పెద్ద బహిర్గత గనులతో పోలిస్తే ఈ పద్ధతి నేలకు చేసే గాయం చిన్నదని నా అభిప్రాయం.

మరొక మాట. ‘సిలోన్’ అని అమ్మే రాళ్లన్నీ సిలోన్‌వి కావు. మడగాస్కర్‌లో 1998లో ఇలకాక దగ్గర నీలాలు బయటపడి, రహదారి పక్కన నాలుగు గుడిసెల ఊరు కొద్ది సంవత్సరాలలోనే పెద్ద పట్టణమైంది. అక్కడ కొన్న రాళ్లను లంక వర్తకులు తెచ్చి బేరువల, రత్నపురలలో సానబట్టించి అమ్మడం బహిరంగ రహస్యమే. 2016లో ఆ దేశంలోనే బెమయింటీ దగ్గర రక్షిత అడవిలోకి వేలాదిమంది దూసుకుపోయి తవ్వారు. మీ అమ్మాయికి నిజంగా పట్టింపు ఉంటే, రాయిని అసలు ఎక్కడ తవ్వి తీశారన్నదే అడగవలసిన ప్రశ్న.

పాత బజారు (జవాబు)

మాది తరతరాలుగా బంగారం పని చేసే కుటుంబం. పైన ఇద్దరూ చెప్పినదంతా చదివి కొట్టులోకి వెళితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు గనుక, కౌంటరు ముందు చేయవలసినది చెబుతాను.

రాయిని విడిగానే చూడండి, నగలో పొదిగాక చూడకండి. వెనక మూసిన కట్టడంలో రేకు పెట్టి రంగు పెంచిన నీలాలు పాత నగలలో ఎన్నో చూశాము. పసుపు దీపాల కింద చూశాక, ఒకసారి గుమ్మం దగ్గరకు తెచ్చి పగటి వెలుగులో చూడండి. దీపం కింద మెరిసినది బయట నల్లబడితే, ఆ ముదురు రంగుకు మీరు ఎక్కువ ఇస్తున్నారని అర్థం. తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్లు పోసి రాయిని వెల్లకిలా వేయమనండి. సిలోన్ సానకారులు బరువు పోకుండా ఉండేందుకు రాయి అడుగుభాగాన్ని లావుగా ఉంచి, రంగు మచ్చను ఆ మొన దగ్గర నిలిపేలా కోస్తారు. పై నుంచి చూస్తే రాయి అంతా నీలంగా ఉంటుంది. నీళ్లలో పక్కవాటుగా చూస్తే చుట్టూ తెలుపు, కింద మాత్రమే రంగు కనిపిస్తుంది. అది మోసం కాదు, పనితనం. కానీ లావు అడుగుకు కూడా క్యారెట్ల లెక్కన డబ్బు కడతారని మరవకండి.

పది రెట్ల భూతద్దంలో చూసినప్పుడు రంగుచారలు తిన్నగా, కోణాలుగా విరుగుతూ ఉంటే నేలలో పెరిగిన రాయి కావచ్చు. గ్రామఫోను రికార్డు గీతలలాగ వంపు తిరిగితే మంట పద్ధతిలో చేసిన రాయి. సన్నని సూదులు తెగకుండా, అరవై డిగ్రీల కోణాలలో అల్లుకుని మెరుస్తుంటే పెద్ద వేడి తగల్లేదనడానికి అది మంచి గుర్తు. సూదులు తునిగి చుక్కలు చుక్కలుగా మారినా, లోపలి చిన్న స్ఫటికాల చుట్టూ పళ్లెం ఆకారంలో పగులు మెరిసినా కొలిమి అనుమానం వస్తుంది. అయితే ఈ పరీక్ష అనుమానించడానికే పనికివస్తుంది గాని, తీర్పు చెప్పడానికి చాలదు. నేను కూడా నా కంటిమీద నమ్మకంతో ‘వేడి చేయనిది’ అని రాసివ్వను.

తీర్పు ప్రయోగశాలది. జైపూర్‌లోని జెమ్ టెస్టింగ్ లాబొరేటరీ (ఇప్పటి పేరు ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ) 1972 నుంచి రంగురాళ్లను పరీక్షిస్తున్న పాత సంస్థ. విదేశాలలో జీఐఏ, స్విట్జర్లాండులోని గ్యూబెలిన్, ఎస్‌ఎస్‌ఈఎఫ్ పేరున్నవి. రిపోర్టులో రాయి పేరు ఉన్న వరుస కాదు, ప్రక్రియల గురించి రాసిన వరుస చదవండి. వేడి చేసిన ఆనవాళ్లు లేవని స్పష్టంగా రాసి ఉండాలి. ఆ వరుస ఖాళీగా ఉంటే ‘వేడి చేయలేదు’ అని కాదు, ‘మేము చూడలేదు’ అని అర్థం. మొదటి దుకాణంవారు ఇచ్చిన ప్లాస్టిక్ కార్డులో నూటికి తొంభైసార్లు జరిగేది ఇదే. అలాగే నగ మీద ఉన్న హాల్‌మార్కు ముద్ర, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య బంగారం మేలిమికి మాత్రమే హామీ. రాయికి వాటితో ఏ సంబంధమూ లేదు. బిల్లులో రాయి బరువును బంగారం బరువులోంచి తీసేశారా, తరుగు ఏ బరువు మీద వేశారు అన్నవి చూసుకోండి. అక్కడ పోయే డబ్బు రాయి గురించి చేసే బేరంలో మిగిలేదానికంటె ఒక్కోసారి ఎక్కువ.

ఒక పనివాడి హెచ్చరిక కూడా. తరువాత ఎప్పుడైనా ఉంగరం సైజు మార్పించవలసి వస్తే, రాయి తీయించి గాని అతుకు పెట్టనివ్వకండి. నీలం వేడికి కరగదు, నిజమే. కానీ అతుకు కోసం వేసే వెలిగారం మంటలో కరిగి రాయి ముఖం మీదికి పాకితే, ఆ నునుపును తినేసి గరుకు మచ్చలు పెడుతుంది. మళ్లీ సానపడితే తప్ప పోవు. తొందరలో ఉన్న పనివారు తడిగుడ్డ చుట్టి మంట పెట్టేస్తుంటారు.

సందేహి (జవాబు)

ఇక్కడ అందరూ వేడి చేయని రాయినే కొనాలన్నట్లు మాట్లాడుతున్నారు గనుక, రెండవ పక్షం కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మామూలు వేడితో వచ్చిన రంగు శాశ్వతం. ఎండకు వెలవదు, నీళ్లకు పోదు, మనవళ్ల దాకా అలాగే ఉంటుంది. ఉంగరం వేలికి పెట్టుకునేందుకే అయితే, మంచి రంగున్న వేడి చేసిన రాయిని వదిలి, మసక బారిన వేడి చేయని రాయికి మూడు రెట్లు పెట్టడం వివేకమా? మన దేశంలో ఆ అదనపు ధరలో కొంతభాగం అందం వల్ల వచ్చినది కాదు; జ్యోతిషులు ‘దోషం లేని రాయి’ అడగడం వల్ల వచ్చినది. జాతకాల చర్చ వద్దన్నారు గనుక అక్కడితో ఆపుతాను.

పైగా 1000 డిగ్రీల లోపు తక్కువ వేడితో చేసే పనిని పట్టుకోవడం ప్రయోగశాలలకు కూడా కష్టమే. అటువంటప్పుడు ‘ఆనవాళ్లు లేవు’ అన్న వాక్యం మీద అంత డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు. ఒకవేళ వేడి చేయనిదే కావాలనుకుని, అమెరికాలో బంధువులుంటే, మోంటానా రాష్ట్రంలోని యోగో గల్చ్ రాళ్లను అడిగి చూడండి. అవి వాగు గులకలోంచి కాక నేరుగా మాతృశిల నుంచి వస్తాయి, చాలావరకు పుట్టుకతోనే సమానమైన నీలం రంగుతో ఉంటాయి గనుక వేడి అవసరం పడదు. ఒక క్యారెట్ దాటినవి మాత్రం అరుదు.

మట్టిపొరలు (జవాబు)

సందేహి గారి మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, రెండవదానితో సగమే. తక్కువ వేడి ఇబ్బంది ఎక్కువగా మడగాస్కర్ గులాబీ రంగు రాళ్లలో ఊదా ఛాయ తీసేందుకు చేసే పనిలో వస్తుంది. లంక నీలాలలో పాలలా మసకగా ఉండే గ్యూడ రాళ్లను నీలంగా మార్చడానికి అంత తక్కువ వేడి చాలదు. సూదులు కరగాలంటే పెద్ద కొలిమి కావాలి, పెద్ద కొలిమి గుర్తులు వదులుతుంది. సూక్ష్మదర్శినితో పాటు పరారుణ వర్ణపటం కూడా చూసే ప్రయోగశాల అయితే, రెండు క్యారెట్ల లంక నీలం విషయంలో దాని మాటను నేను నమ్ముతాను. ఏ దేశపు రాయి అన్న వరుసను మాత్రం అభిప్రాయంగానే తీసుకోవాలి. లంక, మడగాస్కర్, దక్షిణ భారతం ఒకప్పుడు ఒకే భూఖండంలో పక్కపక్కనే ఉండేవి. సుమారు 55 కోట్ల సంవత్సరాల కిందట ఒకే పర్వత నిర్మాణ కాలంలో వేగిన శిలలలోంచి వచ్చిన రాళ్లు ఒకదానినొకటి పోలి ఉండడంలో వింత లేదు.

ధర విషయంలో నా లెక్క ఇది. అర క్యారెట్, ముప్పావు క్యారెట్ రాళ్లలో వేడి తేడాకు పెద్దగా డబ్బు పెట్టనక్కరలేదు. రెండు క్యారెట్లు దాటి, రంగూ తేటదనమూ రెండూ బాగుండి, వేడి తగలని రాయి నిజంగానే అరుదు. దానికి రెట్టింపు, ఆపైన అడగడం అన్యాయం కాదు. మూడు రెట్లంటే మాత్రం రెండు రాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎవరూ చెప్పలేరు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మొదటి దుకాణానికి మళ్లీ వెళ్లి కార్డు చూశాము. పాత బజారు గారు చెప్పినట్లే ప్రక్రియల వరుసలో చిన్న గీత ఒకటి తప్ప ఏమీ లేదు. రాయిని పరీక్షకు పంపిస్తారా అంటే, నమ్మకం లేకపోతే కొనవద్దన్నారు. రెండవ దుకాణంవారు జైపూర్ పంపడానికి ఒప్పుకున్నారు, అయితే సగం సొమ్ము ముందుగా కట్టమంటున్నారు. రాయి ఎక్కడిదని మా అమ్మాయి అడిగితే, రత్నపుర వర్తకుడి దగ్గర కొన్న రసీదు చూపించారు. గని పేరు అందులో లేదు. గిన్నెలో నీళ్లు పోసి చూస్తే మొన దగ్గర ముదురు నీలం, అంచుల్లో దాదాపు తెలుపు కనిపించింది. మా అమ్మాయికి ఆ రాయి అందువల్లే మరింత నచ్చింది. బయానా కట్టేముందు ఏమి రాయించుకోవాలి?

పాత బజారు (జవాబు)

బయానా రసీదు మీద నాలుగు సంగతులు వారి ముద్రతో ఉండాలి. రాయి బరువు రెండు దశాంశాల వరకు, కొలతలు మిల్లీమీటర్లలో రాయించండి. తిరిగి వచ్చిన రాయి అదేనని తేల్చుకోవడానికి అవే ఆధారం. ‘సహజ నీలం, వేడి గానీ మరే ప్రక్రియ గానీ చేయనిది’ అని పూర్తి వాక్యంగా రాయించండి. రిపోర్టులో ఇందుకు భిన్నంగా వస్తే బయానా పూర్తిగా, తగ్గింపు లేకుండా వాపసు ఇస్తామని, పరీక్ష ఖర్చు ఎవరు భరిస్తారో కూడా అందులోనే ఉండాలి. దేశం పేరు గురించి పట్టుబట్టకండి. రిపోర్టులో లంక అని రాకపోయినా, వేడి ఆనవాళ్లు లేవని వస్తే మీరు అనుకున్న రాయే మీకు దక్కినట్లు. కానీ అప్పుడు ‘సిలోన్’ పేరు మీద వేసిన అదనపు ధర తగ్గించమని అడిగే హక్కు మీకు ఉంటుంది, అదీ ముందే మాట్లాడుకోండి.

సగం ఎక్కువ. పావు వంతు కట్టి, మిగిలినది రిపోర్టు చేతికి వచ్చిన రోజున ఇస్తామనండి. రాయిని పంపేముందు మీ ఫోనులో నీళ్లగిన్నెలో ఉన్నప్పటి ఫొటో ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి పెట్టుకోండి. మొన దగ్గరి రంగు మచ్చ ఆకారం ఒక్కో రాయికి ఒక్కోలా ఉంటుంది. మాఘమాసమంటున్నారు గనుక ఈ వారమే పంపించండి. పెళ్లిళ్ల కాలం ముందు ప్రయోగశాలలలో రద్దీ పెరుగుతుంది, రిపోర్టు రాకుండా పొదిగేద్దామని అప్పుడు ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి.